కాజా మిషను

రాయదుర్గంలో ఆ సందులో పధ్నాలుగు షెడ్లు.
నా సంచిలో పధ్నాలుగు ఫారాలు.
పదకొండో ప్రశ్న:
గత నెలలో పక్క యూనిట్లతో ఎన్నిసార్లు సహకరించుకున్నారు?

"సున్నా" అన్నాడు తిప్పేస్వామి, పళ్ళతో దారం కొరికి.
"సున్నా వేసుకో" అంది షంషాద్ బీ, కత్తెర ఆపకుండానే.
"ఎవురికి వాళ్ళే గదప్పా ఈడ.
బళ్ళారి సేటు ప్యాంటుకు రూపాయి తగ్గిస్తే
మేం రెండు తగ్గించుకోని పని ఎత్తుకొస్తాం"
అన్నాడు గాదిలింగ.
సిగ్గుపడలా, గొప్పకూ పోలా.
ఎండ గురించి చెప్పినట్టు చెప్పినాడు.

పొద్దుగూకేసరికి సంచి నిండా సున్నాలు.

టీ అంగడి బల్ల మీద కూచోనుంటే
మారెక్క వచ్చింది.
మూడు షెడ్లలో దారాలు కత్తిరించే మనిషి,
ఒళ్ళంతా నీలి దూది, కనురెప్పలు కూడా నీలమే.
కొంగున ముడి.
"ఏముందక్కా అండ్ల?"
"సూదులు. పదహారో నెంబరు. తిప్పేస్వామివి, షంషాద్‌కు."
"అడిగిందా?"
"యాడడుగుతుంది! మాటల్లేక ఆరేండ్లాయె.
ఆమె మిషను సప్పుడు ఆగింది.
గోడకు ఈపక్క ఆయప్పకు ఇనపడింది.
డబ్బా నా కల్లా నూకినాడు, అంతే."

మర్నాడు ఫారాలు తీయలేదు.
మారెక్క వెనకాలే తిరిగినా.
కరెంటు పోతే ఒక జనరేటరు నుంచి
మూడు గోడలు దాటిపోయే నల్ల వైరు చూసినా.
సందు మొత్తానికి కాజాలు కొట్టే మిషను ఒకటే, గాదిలింగది.
రాత్రి తొమ్మిది దాటినాక
గుండీ పట్టని నడుములతో ప్యాంట్లన్నీ
మూటలు మూటలుగా ఆ గడప ముందర.
ఫారం వెనకాల గీతలు గీసుకుంటూ పోయినా,
ఎవురి నుంచి ఎవురికి, ఎన్నిసార్లు.
అన్నిటికంటే లావు గీత
మాటల్లేని ఇద్దరి నడుమ పడింది.

అక్కడ ఆగింటే బాగుండు.

అనంతపురం మీటింగులో గట్టిగా చదివినా:
తిప్పేస్వామి ఇచ్చినవి ముప్పై ఒక్క సూదులు,
ప్రథమ స్థానం.
చప్పట్లు. శాలువా. స్టీలు క్యారియరు.
అందరూ పోటీగా సహకరించాలన్నారు పెద్దసారు.
నేనూ నవ్వినా.

వారం తిరక్కుండానే
సూది వెంట చీటీ నడిచింది, చీటీ మీద సంతకం.
వైరుకు మీటరు వచ్చింది.
షంషాద్ బీ ముప్పై ఒక్క సూదులు లెక్కబెట్టి
కొత్త డబ్బాలో పెట్టి పంపించింది.
ఆమె మిషను ఆగిన పూట
గోడకు ఈపక్క
రేడియో సౌండు పెంచినారు.

"నువ్వు తూకం వేసినావు నాయనా,
అది సరుకైపాయె" అంది మారెక్క.
కోపంగా కూడా అనలేదు.

శ్రావణంలో కాజా మిషను పగిలింది.
సామాను బళ్ళారి నుంచి రావల్ల, పదకొండు వేలు.
గాదిలింగ తలుపు దగ్గరికేసి కూచున్నాడు.
పధ్నాలుగు షెడ్ల ప్యాంట్లు
నడుము బిగియక కుప్పబడినాయి.
అప్పుడు మారెక్క కొంగు పరిచి బయలుదేరింది.
ఎవురు ఎంతేసినారో చూడలేదు, చూడనీలేదు.
అలవాటుగా నేను పెన్ను తీసినా.
"రాయద్దు" అంది.
మూత పెట్టేసినా.

ఆ రాత్రి పన్నెండుకు
కాజా మిషను మళ్ళీ టకటకలాడింది.
తిప్పేస్వామి ప్యాంట్లు ఒకపక్క, షంషాద్‌వి ఒకపక్క,
మధ్యలో మూరెడు జాగా,
ఆ జాగాలో రెండు టీ గ్లాసులు.
మాటలైతే లేవు.

ఆఫీసుకు ఫారం పంపాల్సిన రోజు వచ్చింది.
పదకొండో గడిలో మళ్ళీ సున్నానే వేసినా.
ఈసారి కొంచెం అడ్డంగా సాగదీసి,
ఒక గుండీ దూరేంత.