నేల తగలని దినాలు

రెండో సూదికి ఇంక పదకొండు రోజులు.
"కాళ్లు నేలకు తగలనియ్యకు, చెవుల్ని తిరగనియ్యి"
అన్నడు పశువుల దవాఖాన డాక్టరు.

అందుకే బియ్యం సంచి జోలెల నువ్వు,
మెడల జోలెతోని నేను,
మిర్యాలగూడంత తిరుగుతున్నం.

ఇది రైస్‌మిల్లు. గట్లనే మొత్తుకుంటది, కరవది.
ఇది ఊక. తుమ్ము, ఏం కాదు.
దేవరకొండ బస్సు హారన్‌కు
నా అంగీల మూతి దాచుకున్నవ్.
గాజులమ్మే సైదమ్మ
సబ్బుతోని చేతులు కడుక్కొనొచ్చి నీ నెత్తి నిమిరింది.

మోరీ కాడ బక్క కుక్కొకటి తలెత్తింది.
నువ్వు తోకూపితే సంచంత ఊగింది.
దాని సూది తారీఖు ఎవ్వరు రాసిన్రు?
సంచి మూతి దగ్గరికి పట్టి
పక్క సందుకు మళ్లిన,
సిగ్గుపడుకుంట.

ఇంటికొచ్చి క్యాలెండరు మీద గీత కొడితి.
నువ్వప్పటికే నిద్రల ఉన్నవ్.
కాళ్లు మాత్రం
ఉరుకుతున్నయ్.