ధర్మకాంట

అచ్చంపేటల పల్లికాయ సీజన్.
రాత్రి రెండింటికి, మన్ననూరు ఘాట్ దిగి
ఒక డీసీఎం కాంట మీదికెక్కింది.
తాటిపత్రి కింద ఏందని అడిగితే
"విమానం" అన్నడు డ్రైవర్, ఆవులించుకుంట.

జర్మన్ లడాయి నాటిదట.
ఎనభై వానలు తాగిన రెక్క
మోదుగాకు విస్తరి లెక్క మడతపడ్డది.
ఇంజన్ల మట్టి, మట్టిల చీమలు,
అవి గూడ తూకానికొచ్చినయి.

అందరు దిగుండ్రి అన్న.
సార్లు దిగిండ్రు, ఫైళ్లు పట్టుకొని.
మండ్లి గురువయ్య దిగలే.
ఆయన బరువు గూడ విమానంలనే కలిసింది.

"మా అయ్య తేనెకు పోయినప్పుడల్లా
ఆ రాళ్లకుప్ప మీద ఇంకో రాయి పెట్టేటోడు.
ఎవల బిడ్డనో, అనేటోడు."

సార్ల లిస్టుల ముక్కలు తక్కువొచ్చినయి.
కొన్ని బాణం మొనలైనయంట,
ఒకటి గంజికుండ మీద మూత.

గురువయ్య ఒళ్లె గుడ్డమూట:
బూటు మడమ, బెల్టు బిళ్ళ.
మా కాంట పది కిలోల లోపు లెక్కపెట్టదు.
మూట కిందికి దించి చూసినం, ఎత్తి చూసినం.
ఎర్ర అంకెలు కదల్లే.

చీటీల సరుకు అని ఒక గడి ఉంటది.
ఇరవై ఏండ్లసంది
పల్లి, పత్తి, మక్కలు, ఇసుక.
ఇనుము అని రాయబోయి
'ఇను' దాక రాసి ఆగిన.
గురువయ్య నా చెయ్యి దిక్కే చూస్తుండె.
ఎనక లారీలు హారన్ మీద హారన్.
అట్లనే చింపి ఇచ్చిన.

కాంట పైసలు యాభై. చిల్లర లేదన్నరు సార్లు.
బుక్కుల ఆ బాకీ
ఎవల పేర రాయాల్నో తెల్వక
పేరు జాగ ఇంకా ఖాళీనే ఉంది.