ఘాటు

గుంటూరు ఆటోనగర్, మూడో లైను.
మధ్యాహ్నం రెండింటికి షెడ్డు రేకు
కాకిని కూడా వాలనివ్వదు.
జానీబాషా విప్పిన బ్రేకు షూని
ఎండకి అటూ ఇటూ తిప్పాడు.
మెరిసింది.

"చూడు, అద్దం."

వ్యాను కుర్రాడు నాగమల్లేశు సంబరపడబోయి
ఆయన మొహం చూసి ఆగాడు.
గరుగ్గా ఉండాల్సింది నున్నబడితే
ఇంక పట్టేం ఉంటుంది?

కుర్రాడు నేలకేసి చెప్పుకుపోయాడు:
కొండవీడు ఘాటు దిగుతున్నా.
వెనక పద్నాలుగు మంది, వంట గిన్నెలు, రెండు గ్యాసు బండలు.
డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలా.
మలుపు మలుపుకీ తొక్కుతూనే ఉన్నా.
ఒకచోట కమురు వాసన.
నిన్ననే యార్డు నుంచి టిక్కీలు తోలాను కదా,
ఆ మిరప ఘాటేమోలే అనుకున్నా.
తర్వాతి మలుపులో పెడలు
నానిన అట్టలా లోపలికి పోయింది.

బాషా తిట్టలేదు. టీ చెప్పాడు.
కాలే గ్లాసుని అంచు దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని,

"బ్రేకు పరుగుని మాయం చెయ్యదురా.
తీసుకుని వేడిగా మార్చుకుంటుంది,
గాలికి కాస్త కాస్త వదులుకుంటుంది.
నువ్వు ఆ వ్యవధి ఇవ్వలేదు.
డ్రమ్ము ఉబ్బి షూకి ఎడమైంది.
లైనింగులో జిగురు కాలి పైకి తేలింది.
గొట్టంలో ఆయిలు మరిగింది.
ఆయిలైతే నొక్కితే నలగదు. బుడగ నలుగుతుంది.
నువ్వు తొక్కింది ఆవిర్ని.
ఎట్లా ఆగావు మరి?"

"సెకండు గేరు కుక్కా. ఇంజను గావుకేక పెట్టింది.
కొండ వైపు మట్టికట్టకి రాసుకుంటూ, రాసుకుంటూ...
వెనక పిల్లలు ఆటనుకుని
చప్పట్లు కొట్టారు."

రివెట్లు ఊడగొడుతున్న నా సుత్తి
అక్కడే ఆగిపోయింది.

"వంటామె బిందెడు నీళ్లు తెచ్చింది, చక్రమ్మీద పోస్తానని."
"పోశారా?"
"లేదు, ఎవరో ముసలాయన అడ్డుపడ్డాడు."
"బతికించాడు. డ్రమ్ము పగిలేది."

కుర్రాడు టీ ముట్టుకోలేదు.
"అరగంట కూర్చున్నాక తొక్కి చూశా బాషాభాయ్.
పెడలు మళ్లీ గట్టిగా ఉంది.
అసలేం జరగనట్టు.
అప్పుడేసింది భయం."

ఎవరం ఏమీ అనలేదు.
కొత్త లైనింగు బిగించి వాడి చేతికిచ్చాను.
బొటనవేలితో రాసి చూశాడు,
ఇంకోసారి రాశాడు.
గరగర.