పావు చుట్టు

గురువారం పశువుల సంత ముగిసినంక
సినావ్ సనయ్యలో మా షెడ్డు ముందట
ఒక పాత షాస్ పికప్ వచ్చి ఆగింది.
ఆగింది అనలేను, దగ్గింది.
నల్లటి పొగ. వెనక అమ్ముడుపోని రెండు మేకలు.
స్టీరింగు పట్టుకుని, ముక్కు మీద నీలిరంగు ముసుగుతో
ఘాలియా. డెబ్భై ఉంటయేమో.

"బోశెట్టీ," అని పిలిచింది.
అరబ్బీ నాలుకకు 'ప' తిరగదు,
పోశెట్టిని పదకొండేండ్లుగా నేను బోశెట్టినే.
"నా ఒంటెలన్నీ కలిసి తాగనిది
ఇదొక్కటే తాగుతున్నది. చూడు."

ఎయిర్ ఫిల్టర్ విప్పి తట్టిన.
శేరెడు ఇసుక.
ముక్కు మూసి ఉరకమంటే ఏ ఇంజన్ ఉరుకుతది?
ముందు హబ్బులు లాకయి ఉన్నయి.
ఎప్పుడు వేసినవంటే వేళ్ళు మడిచి లెక్కపెట్టి
"చిన్నోడి పెండ్లప్పుడు" అన్నది.
నాలుగేండ్లు!
తారు రోడ్డు మీద కూడా ముందు ఇరుసులు
జీతం లేని పనోళ్ళలెక్క ఊరికే తిరిగినయి.
టైర్లలో గాలి ఇసుక మీదికి తగ్గించిందే,
రోడ్డెక్కినంక నింపిందే లేదు.
వెనక ఎడమ డ్రమ్ము ముట్టుకుంటే
చెయ్యి చురుక్కుమన్నది,
బ్రేకు వదలకుండ పట్టే ఉన్నది.
ఇంజెక్టర్లు మిషను మీద పెట్టి చూస్తే
మంచులెక్క చిమ్మాల్సిన డీజిలు
ముసలి బర్రె ఉచ్చపోసినట్టు కారింది.

రెండు రోజులు పట్టింది.
నాజిళ్ళు మార్చిన. పంపు టైమింగు ఒక వెంట్రుకంత జరిపిన.
ట్రక్కులో పడున్న పాడైన బ్యాటరీ, గట్టిపడిన సిమెంటు బస్తా,
ఎందుకున్నదో ఆమెకూ గుర్తులేని ఇనుప గేటు
దించి పక్కన పెట్టిన.
గాలి ఎంతుండాలో డోరు లోపల సుద్దతో రాసిన,
ఇసుకకు ఒక అంకె, తారుకు ఒక అంకె.
డబ్బులకు బదులు మేకను పట్టుకో అన్నది.
మా ఓనరు రియాళ్ళే అడుగుతడు, మేక వద్దన్న.

మళ్ళీ గురువారం వచ్చింది. పొగ లేదు.
మూడు రోజులొచ్చే ట్యాంకు ఐదు రోజులొచ్చిందట.
నేను కాగితం మీద లెక్క వేసుకున్న.
ఆరు రావాలె.
రోజుకు రెండు లీటర్లు ఎటో పోతున్నయి.
పైపులు తడిమిన, ట్యాంకు కింద పండుకుని చూసిన,
ఒక్క చుక్క తడి లేదు.
తెల్లారి శుక్రవారం, సెలవు.
"నీతోని నేనూ వస్త" అన్న.

ఊరు దాటి, తారు దాటి, ఇసుకలోకి.
ఆమె గేరు మార్చుతుంటే
నేను చెవితోనే ఇంజన్ను తడుముతున్న. తప్పేమీ లేదు.
పొద్దుగూకేటప్పుడు ఒక దిబ్బ మీద ఆపింది.
ఇంజన్ మాత్రం ఆపలేదు.
"బంద్ చెయ్యమ్మా, వట్టిగ కాలుతున్నది."
చెయ్యెత్తింది, ఆగు అన్నట్టు.
పావుగంట. అర్ధగంట. గంట దాటింది.
నా గుండెల డీజిలు మీటరు తిరుగుతనే ఉన్నది.

అప్పుడు దిబ్బ అవతల నుంచి
మెడ ముందుకు చాచి, కాలు తడుముకుంటూ
ఒక ముసలి ఒంటె.
రెండు కండ్లల్ల పాలపొర.
"సమ్హా," అన్నది ఘాలియా,
"మందను వదిలేస్తది. ఈ చప్పుడును వదలదు."
ఒక్కోసారి రెండు గంటలు పడుతదట.

నేను మెకానిక్కును కదా, చెయ్యి ఊరుకోలేదు.
బానెట్ లేపి
ఐడిలింగు స్క్రూ పావు చుట్టు తిప్పిన.
కొంచెమన్నా మిగులుతదని.
ఇంజన్ గొంతు కిందికి దిగింది.

సమ్హా ఆగిపోయింది.
మెడ ఇటు తిప్పింది, అటు తిప్పింది,
ఎవరి బండో అనుకున్నట్టు
ఒక అడుగు వెనక్కి వేసింది.

ఘాలియా నన్నొక మాట అనలేదు.
స్క్రూ డ్రైవరు ఇంకా నా చేతిలోనే ఉన్నది.
ఆ పావు చుట్టు
మళ్ళీ ఎనక్కి తిప్పిన.