పన్నెండు దినాలు

సిరొంచ బస్టాండు వెనక, జిరాక్సు మిషను పక్క
స్టూలు మీద ఎర్ర రుమాలు మూట విప్పింది
తలండి పోచుబాయి, మిరపకూలీల మేస్త్రి.
లోపల లాప్‌టాప్.
రుమాలు దులిపితే ఇద్దరం తుమ్మినం.
కీబోర్డు సందులల్ల ఘాటు ఇంకా ఉన్నది.

"నలభై మూడు మంది పైసలు దీంట్ల ఉన్నయి.
రేపు పదింటికి సేటు గోదారి అవతల లారీకాడికి వస్తడు.
లెక్క కాయితం చూపెడితెనే ఇస్తడట."

బటన్ నొక్కితే కంపెనీ పేరు వెలిగి, నల్లబడి,
మళ్ల అదే పేరు.
విండోస్ పోయింది. చెవి ఆనిస్తే
డిస్కు మాత్రం తిరుగుతున్నది, సన్నగ, జరమొచ్చినట్టు.
పెన్‌డ్రైవ్ పెట్టి వేరే సిస్టం లేపి
ఫైలు బయటికి గుంజితే సరి.
పావుగంట పని, చాయ్ చెప్పిన.

ఎఫ్ పన్నెండు, టపటపా టపటపా.
వచ్చిన లిస్టుల పెన్‌డ్రైవ్ పేరే లేదు.

సెట్టింగులల్లకు పోయిన. సెక్యూర్ బూట్ ఆన్ ఉన్నది.
"ఏమంటది?"
"సంతకం లేనోళ్లను రానియ్యదట."
పోచుబాయి నవ్వలె.
"గడ్చిరోలిల తెలుగు కాయితం చెల్లది,
ఆ ఒడ్డున మరాఠీ కాయితం చెల్లది,
గిప్పుడు డబ్బాకు సుత కావాల్నా?"

ఆఫ్ చేసిన. అయినా లేదు.
ఈ సందులకెల్లి తీసి ఆ సందుల పెట్టిన.
లేదు.
పెన్‌డ్రైవ్ తుడిచి మళ్ల రాసిన, ఈసారి ఫ్యాట్ థర్టీటూల,
ఈ మిషనుకు వచ్చిన అక్షరాలు అవొక్కటే కావచ్చని.
బడిల మొదటి దినం యాదికొచ్చింది.
గురూజీ మరాఠీల ఏదో అడిగిండు, నేను పలకలె.
బల్ల మీద కూసున్న, హాజరుల లేను.

కరెంటు పోయింది. రాత్రి తొమ్మిది.
చీకట్ల ఆమె ఉత్తగ కూసోలె,
"మడావి జానో, పందొమ్మిది.
వెలాది బుచ్చక్క, ఇరవై. ఒక పూట బిడ్డకు బాగలేక పోలె, సగం.
కుర్సం లింగుబాయి, పన్నెండు, కాలు కోసుకున్నది."
వేళ్లు ముడుచుకుంట, తెరుచుకుంట
నలభై మూడు పేర్లు ఒక్క తడబాటు లేకుండ.
"అన్నీ యాదికున్నంక ఇది ఎందుకు?" అన్న.
"నాకున్నది. సేటుకు నా నోరు కనబడది కద."

కరెంటొచ్చింది. చాయ్ మీద తరక కట్టింది.
అప్పుడు కనబడ్డది ఓ మూలకు,
ఫాస్ట్ బూట్.
తొందర ఎక్కువ దీనికి. లేవంగనే ఉరుకుతది,
పక్క సందులల్ల ఎవరు నిలబడ్డరో చూడది,
చెయ్యెత్తినా ఆగని నాగపూర్ బస్సు తీరు.
ఆపిన. సేవ్. ఎఫ్ పన్నెండు.
లిస్టుల రెండో వరుస. పెన్‌డ్రైవ్.
ఎంటర్ కొట్టినంక ఎంతసేపో నల్లగ ఉండి
తెల్ల అక్షరాలు వానచీమల తీరు ఎక్కొచ్చినయి.

ఫైలు తెరిచినం.
ఆమె నోటితోటి, నేను కండ్లతోటి, వరుసకు వరుస.
అన్నీ కలిసినయి.
లింగుబాయికాడ తెర మీద పదకొండు.
"పన్నెండు" అన్నది.
"ఇండ్ల పదకొండే ఉన్నది."
"ఆ రాత్రి ఎక్కిచ్చింది నేనే. దీపం లేదు."
కీబోర్డు దిక్కు చూసిన.
ఒకటి పక్కనే రెండు. నడుమ గోరంత సందు.

పన్నెండు కొట్టిన. ప్రింటు తీసిన.
వెచ్చటి కాయితాన్ని ఆమె రుమాలుల కట్టుకుంటే
ఇద్దరం మళ్ల తుమ్మినం.

లాప్‌టాప్ నాకాడనే ఉంచింది బాగుచెయ్యమని.
విండోస్ కొత్తగ ఎక్కిచ్చిన. సెక్యూర్ బూట్ మళ్ల ఆన్ చేసిన,
అది ఉండాలె.
ఫాస్ట్ బూట్ మాత్రం అట్లనే వదిలేసిన.
పొద్దుగాల లేచినప్పుడు
నాలుగు సెకండ్లు వాకిట్లకు చూస్తే ఏం పోతది.