సుంకేసుల దగ్గర, రాత్రి రెండున్నర

దోమతెర గుడ్డతో కుట్టిన గరాటు వలను
పుట్టి అంచుకు కట్టి
పావుగంట ఏట్లో వదిలాం.
ఆగస్టు నీళ్లు. తుంగభద్ర ఎర్రగా ఉంది.
టార్చి వెలుగు మూరెడు లోతుకే ఆగిపోతోంది.

వల కొసన ఉన్న డబ్బాలో
ఇంత బురద, గడ్డిపరకలు, తెగిన చెప్పు వారొకటి,
వాటి నడుమ
కళ్లు మాత్రమే ఉన్నట్టుండేవి కొన్ని.
ఒళ్లింకా రంగు పట్టలేదు. ఉత్త గాజు.
పొట్ట కింద సొనసంచి, రెండ్రోజుల బత్తెం.
లెక్కపెట్టాను. నలభై మూడు.

నా లాప్‌టాప్‌లో ఇవి పదివేల చుక్కలు.
వేగమిస్తే కదులుతాయి, మలుపిస్తే తిరుగుతాయి,
అడుగున బండ పెడితే దాని వెనక కాసేపు సుడి తిరిగి
మళ్లీ దారిన పడతాయి.
కేసీ కాలువ తూము దగ్గర మూడో వంతు పక్కకు మళ్లి
ఏ ఉల్లిమడిలోనో తేలి
తెర మీంచి మాయమవుతాయి.
దానికి నేను వాడే మాట: తొలగింపు.

మద్దిలేటి తెడ్డు వేస్తూనే విన్నాడు అంతా.
బీడీ ఆర్పి, మిగిలిన ముక్క చెవి మీద పెట్టుకుని
"గడ్డిపరకా చేపపిల్లా ఒకటేనేమ్మా?" అన్నాడు.
"గోరంత కూడా లేదు గదన్నా, ఏటికి ఎదురీదుతుందా?"
"ఈదేదానికి రాకపోతే రాకపాయ.
మునిగేదానికి తెలుసు, తేలేదానికి తెలుసు.
మద్దేనం నీ వలలో ఎన్ని పడినాయి?"

మధ్యాహ్నం పడినవి రెండు.

అదే ఏరు. అదే వల. అదే పావుగంట.
పగలంతా అడుగున, రాళ్ల సందుల్లో,
నీళ్లు నెమ్మదించే చోట
పరిగెల నోటికి దొరక్కుండా ఆగి,
చీకటి పడ్డాక పైకొచ్చి
ఏటికి ఒళ్లప్పగిస్తున్నాయి.
కొట్టుకుపోవడానికీ ఒక వేళ చూసుకుంటాయని
నా సమీకరణాల్లో ఎక్కడా రాయలేదు.

ఒడ్డున, జీపు బానెట్ మీద, ఒక వరుస చేర్చాను:
చీకటైతే పైకి.
ఎంత పైకి? ఆ అంకెకు ఒక పేరు కావాలి.
గ్రీకు అక్షరాలు ఎప్పుడో అయిపోయాయి.
'మద్ది' అని పెట్టాను. విలువ తెలీదు,
ప్రస్తుతానికి సున్నా పాయింటు నాలుగు.

మళ్లీ నడిపితే
చుక్కలన్నీ నడిరేయి దాటాక గుంపుగా తూము చేరాయి.
ఆ రెండు గంటలు కాలువ గేటు దించగలిగితే
ఎన్ని మిగులుతాయో అని రాయబోయి
ఎంతమంది అని రాశాను. కొట్టేసి, సరిచేశాను.
గేటు దించమని కాగితం ఏ ఆఫీసులో పెట్టాలో
అది ఇంకా తెలీదు.

ఫార్మలిన్ సీసా మూత తీసేసరికి
మద్దిలేటి డబ్బా అందుకున్నాడు,
ఇటు ఇచ్చే ముందు ఏటి వైపు కొంచెం వంచాడు.
నేను చూడలేదనుకున్నాడు.

సీసాలో చేరినవి నలభై.
నోటుబుక్కులో నలభై మూడే రాసి,
పక్క గడిలో:
మూడు చేజారినవి.