నడుమ గజం తీగ

కాశిమేడులో రాత్రి ఒంటిగంటకు
పూంగావనమ్మ దీపం ఆరిపోతుంది.
రోజూ. గడియారం పెట్టినట్టు.
హోటళ్లకు కోసివ్వాల్సిన చేపలు తట్టలో సగం ఉండగా,
వేలేదో వంజరమేదో తెలియని చీకట్లో
కత్తిపీట ముందు ఆమె చేతులు ముడుచుకుంటుంది.

"కొత్త పెట్టె పెట్టి మూడు నెలలు కాలేదు కదప్పా"
అంది ఫోనులో.
ఆ మాటలో నింద లేదు. అదే ఇబ్బంది.
ఆ పెట్టె అమ్మింది నేనే.
పాతది చచ్చిందని చెప్పిందీ నేనే.

మధ్యాహ్నం వెళ్లాను.
రేకు కప్పు మీద పలక కాలిపోతోంది.
ఓ మూల కాకి రెట్ట ఉంటే తుడిచాను,
వచ్చినందుకు ముందేదో ఒకటి చెయ్యాలి కదా.
మీటరు పెడితే ఇరవై వోల్టులు. పలక తప్పు లేదు.
కింద కంట్రోలరు పద్నాలుగు పాయింట్ నాలుగు చూపిస్తూ
పచ్చ దీపం వెలిగించుకుని కూర్చుంది,
కడుపు నిండి చెయ్యి కడుక్కున్న చుట్టంలా.

అందరం అక్కడే ఆగిపోతాం.
క్రితంసారి నేనూ అక్కడే ఆగాను.
నాకు పని నేర్పిన దస్తగిరి మేస్త్రీ అనేవాడు:
"పెట్టె మాట ఒక్కటే వినకు. రెండు చివరలా అడుగు.
తగవు తీర్చేవాడు ఒక్క ఇంట్లోనే కాఫీ తాగకూడదు."
విన్నాను అప్పట్లో.
కానీ ఆడి నెల గాలిలో, ఆ రోజు,
ఇంకా నాలుగు ఇళ్లు తిరగాల్సి ఉంది.

ఈసారి బ్యాటరీ మూత తీసి
సీసం బొడిపెల మీదే
ఎర్ర ముల్లు, నల్ల ముల్లు ఆనించాను.
పన్నెండు పాయింట్ ఏడు.

అక్కడ పద్నాలుగు నాలుగు. ఇక్కడ పన్నెండు ఏడు.
నడుమ గజం తీగ.
ఆ గజంలో ఎవరో తినేస్తున్నారు.

నాడి చూసినట్టు వేలితో తడుముకుంటూ వెళ్లాను.
ఫ్యూజు గూడు దగ్గర చురుక్కుమంది.
విప్పితే లోపల
సముద్రం:
చిలుం పట్టిన రాగి, రాలే ఉప్పు పొడి,
కరగడానికి సిద్ధంగా ఉన్న ప్లాస్టిక్కు.
ఫ్యూజు మాత్రం తెగలేదు, నిక్షేపంగా ఉంది.
అందుకే దాన్నెవరూ అనుమానించలేదు.

కంట్రోలరు అబద్ధమాడలేదు పాపం.
తన దాకా వచ్చిన మాటే నమ్మింది.
పగలు, నిండకముందే నిండిందని వింది.
రాత్రి, ఇంకా ఉండగానే అయిపోయిందని వింది.
ఒంటిగంటకు దీపమార్పి
బ్యాటరీ ప్రాణం కాపాడాననుకుంది.

గూడు కోసి పారేశాను. కొత్త రాగి, కొత్త గూడు, పైన గ్రీజు.
విప్పేటప్పుడు ముందు పలక, తర్వాత బ్యాటరీ.
కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత పలక.
ఈ వరస మాత్రం నిద్రలో కూడా తప్పను.
అంతా కలిపి డెబ్భై రూపాయల సామాను.

అప్పుడు తీసింది ఆమె, బల్ల కింద నుంచి,
పేపర్లో చుట్టిన పాత పెట్టె.
"పాత ఇనుముకి వేద్దామనుకున్నా. నీకేమైనా పనికొస్తుందా?"
బ్యాటరీకి తగిలించాను.
చచ్చిందని నేను తీర్పు చెప్పినది
కన్ను తెరిచింది. పచ్చగా.

ఇద్దరం దాన్నే చూశాం.
ఖాళీగా ఉన్నంతసేపు ఏ బ్యాటరీ అయినా పన్నెండు చూపిస్తుంది.
బరువు పెడితే తెలుస్తుంది.
నా గొంతులో అప్పుడెంత ఉందో
మీటరు అక్కర్లేదు.

"ఇది చావలేదక్కా. నేనే సరిగ్గా చూడలేదు."

కత్తిపీట అంచు చీరకొంగుకు తుడుచుకుని ఆమె లెక్క వేసింది.
"ఆ రోజు పద్దెనిమిది వందలు తీసుకున్నావు.
పక్కన దేశమ్మాళ్‌కి దీపం లేదు.
పలక, బ్యాటరీ అది కొనుక్కుంటుంది. పెట్టె నాది.
బిగించే కూలి, తీగలు నీవి.
ఈ డెబ్భై కూడా నీదే."
తలూపాను. అంతకు మించి అనలేదు ఆమె.

రాత్రి ఒకటీ ఇరవైకి ఫోను మోగింది.
"ఏం లేదప్పా. వెలుగుతోంది" అని పెట్టేసింది.
పెట్టేసే లోపు వినబడింది వెనకాల
పొలుసు గీరుతున్న చప్పుడు.

నిద్ర రాలేదు.
లేచి పద్దుల పుస్తకం తీశాను.
ఆడి నెల. ఆ తారీఖు.
ఆమె పేరు కింద
ఇంకా నాలుగు ఇళ్లు.